అల విరగని చోటు

ఆ దొంగ మా ఇంట్లో ఎంతసేపు ఉన్నాడో ఎవరికీ తెలియదు, ఈడీకి తప్ప.

ఈడీ మా అక్క కొరీన్ కూతురు. ఆరేళ్ళది. మెల్బోర్న్‌కి పడమటి కొసన, బే అని పిలిచే అఖాతం పక్కన, ఆల్టోనాలో వాళ్ళ ఇల్లు. నేను విమ్మెరా గోధుమ పొలాల్లో పుట్టి, అక్కడి చిన్న బళ్ళో చదువుకుని, పని వెతుక్కుంటూ వచ్చి వాళ్ళ వెనక గదిలో ఉంటున్నాను. మొక్కలమ్మే చోట నా పని. రోజంతా పెద్దగా మాట్లాడక్కర్లేదు. నాకది బాగానే ఉంటుంది.

దొంగ వంటింటి వైపు నుంచి వచ్చాడు. కారు తాళంచెవి తీసుకున్నాడు, కారు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. మా ప్రాంతంలో ఇది కొత్త కాదు. కుర్రాళ్ళు తాళంచెవుల కోసమే ఇళ్ళల్లోకి వస్తారు. కొరీన్ లేవలేదు, బావ గారెత్ లేవలేదు, నేనూ లేవలేదు. పొద్దున్నే పోలీసులు వచ్చి వెళ్ళాక ఈడీ టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూ అంది:

"ఆయన నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టుకుని."

"చప్పుడేమైనా వినపడిందా బంగారూ?" అని కొరీన్ అడిగింది.

"లేదు. అందుకే తెలిసింది. ఎవరైనా ఊపిరి బిగబడితే గది కూడా బిగబడుతుంది కదమ్మా."

కొన్నాళ్ళకి కారు దొరికింది. డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపి ఉంది. "పొట్టివాడు. పదిహేనేళ్ళు కూడా ఉండవేమో వెధవకి" అన్నాడు గారెత్. అతనికి కొంచెం ఊరట కలిగింది, తన ఇంట్లోకి వచ్చింది ఒక పిల్లకాయ మాత్రమేనని.

ఈడీ తల అడ్డంగా ఊపింది. "గుమ్మం దగ్గరున్న ఆయన తల ద్వారబంధం పైదాకా వచ్చింది నాన్నా. వంగి చూశాడు."

ఆ మాట తర్వాత ఎవరం దాని ఊసెత్తలేదు. కానీ ఈడీకి నిద్ర కరువైంది. ఇల్లు సద్దుమణిగితే చాలు, కళ్ళు తెరుచుకుని గుమ్మం వైపు చూస్తూ పడుకునేది. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే మాత్రం నిద్రపోయేది. దాంతో కొరీన్ బట్టలు లేకపోయినా మెషీన్ వేసేది. గారెత్ వీధి తలుపు పక్కన ఒక గిన్నె పెట్టి అందులో కారు తాళంచెవి వెయ్యడం మొదలుపెట్టాడు. వచ్చేవాడు గుమ్మంలోనే తీసుకుని పోతాడు, లోపలికి రాడు అని. మా వీధిలో సగం ఇళ్ళల్లో ఇప్పుడు అలాంటి గిన్నె ఉంది. ఎవరికో నైవేద్యం పెట్టినట్టు.

ఆ సమయంలోనే కొరీన్‌కి సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. ఆమె నర్సు. ఈస్టర్ సెలవులయ్యాక సోమవారం జవాబు చెప్పాలి.

గారెత్ ట్రామ్ నడుపుతాడు. వాళ్ళ నాన్నా ట్రామే నడిపాడు. మెల్బోర్న్‌కీ సిడ్నీకీ ఎప్పట్నుంచో పోటీ; అతని దగ్గర సిడ్నీ పేరెత్తడం అంటే అత్తగారి దగ్గర వియ్యపురాలి వంట మెచ్చుకున్నట్టే.

"రోజూ పేపర్లో చూడట్లేదా? నడి వీధిలో కాల్చుకు చస్తున్నారక్కడ" అన్నాడు.

"వాళ్ళలో వాళ్ళు కాల్చుకుంటారు. నా కూతురి పక్క దగ్గరికొచ్చి నిలబడరు."

"అద్దె చూశావా? కుక్కల గూడు అంత ఇంటికి అంతా?"

"చూశాను. నిద్రపోయే గది ఒకటి చాలు నాకు."

"కాఫీ కూడా తాగలేం అక్కడ."

"నువ్వు తాగేది టీ, గారెత్."

ఇలా చాలా రోజులు నడిచింది. చివరికి, వెళ్ళి చూద్దాం, ఈడీకి అక్కడ ఎలా ఉంటుందో దాన్ని బట్టే తేల్చుకుందాం అని ఒప్పందం కుదిరింది. ఈస్టర్ సెలవుల్లో ఒక వారం. పిల్లని చూసుకోవడానికి నన్నూ రమ్మన్నారు.

సిడ్నీ దక్షిణాన స్కెల్టన్ బీచ్ అనే చిన్న తీరం. అక్కడ నోలీన్ అనే పెద్దావిడ తన ఇంటి కింది భాగం అద్దెకిస్తుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఎండకి ముదిరిన వంకాయలా నిగనిగలాడే చర్మం, ఎప్పుడూ తడి జుట్టు. మేం కారు దిగగానే పైనుంచి చూసి అరిచింది:

"మెల్బోర్న్ వాళ్ళేనా? నల్ల కోట్లు చూసి అనుకున్నా. మీ ఇంట్లో ఎవరు పోయారు బంగారం?"

గారెత్ నవ్వకుండా ఉండలేకపోయాడు. "మీ సిడ్నీలో వంతెన ఒక్కటే పెద్దదనుకున్నాం, నోళ్ళు కూడా పెద్దవే" అన్నాడు.

"ఈత వచ్చా నీకు?"

"పుట్టినప్పట్నుంచీ. మా ఇంటి ముందే సముద్రం."

"అది సముద్రం కాదు బంగారం, స్నానాల తొట్టి. నేల దాని చుట్టూ చెయ్యేసి పట్టుకుని ఉంటుంది, ఎక్కడ దొర్లిపోతుందో అని."

"మా తొట్టిలో ఎవరూ చావరు" అన్నాడు గారెత్.



ఆ రాత్రి ఈడీ దీపం ఆర్పగానే నిద్రపోయింది. కిటికీ నిండా సముద్రపు హోరు. ఒక అల విరిగిన చప్పుడు తగ్గేలోపు ఇంకో అల. సందు లేదు. కొరీన్ వరండా మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది, సంతోషంతో. గారెత్ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. తను ఓడిపోతున్నాడని అతనికి తెలుస్తోంది.

మర్నాటి నుంచి కొరీన్ నోలీన్‌తో కలిసి రాతి కొలనుకి వెళ్ళడం మొదలుపెట్టింది. తీరం చివర రాళ్ళ మధ్య గోడ కట్టి సముద్రపు నీళ్ళు నింపిన కొలను అది. పొద్దున్నే పదిమంది దాకా ముసలివాళ్ళు ఈదుతారు. నేనూ ఈడీ గట్టున కూర్చుని చూసేవాళ్ళం. దిగేముందు ప్రతివాళ్ళూ తమ తువ్వాలు ఇనుప రెయిలింగు మీద వేసేవారు. పైకి వచ్చినవాళ్ళు తమది తీసుకునేవారు. అందరూ వచ్చాక నోలీన్ రెయిలింగు ఈ చివర నుంచి ఆ చివరకి చేత్తో తడుముకుంటూ నడిచి, "ఖాళీ!" అని కేకేసేది. అప్పుడుగానీ ఎవరూ కాఫీకి కదిలేవారు కాదు.

"తువ్వాలు మిగిలితే?" అని అడిగింది ఈడీ.

"మిగిలితే ఒకళ్ళు లోపలే ఉన్నట్టు. దాని మనిషి దొరికేదాకా కాఫీ లేదు. మర్చిపోయి వెళ్ళినా సరే, ఇల్లు కనుక్కుని ఇచ్చి వస్తాం. మా అమ్మ నాటి నుంచీ అంతే." నోలీన్ దాని ముక్కు మీద వేలు పెట్టింది. "మెల్బోర్న్‌లో ఉందా ఇలాంటి భద్రత? మీ నాన్ననడుగు."

మేం ఇంటికొచ్చాక గారెత్ ఆ మాట విని, "తువ్వాళ్ళు కాపాడతాయా మనుషుల్ని!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

వారం గడిచేకొద్దీ అతని నవ్వు తగ్గింది. ఈడీ రోజూ నిద్రపోయింది. బుగ్గలకి రంగు వచ్చింది. శనివారం పొద్దున, ఇంకో రోజులో బయల్దేరతామనగా, కొరీన్ కొలనుకి వెళ్ళాక గారెత్ నాతో అన్నాడు: "పద ట్యామ్, ఈడీకి సముద్రంలో మునగడం నేర్పిస్తాను. దాని నాన్న దగ్గర కూడా నేర్చుకునేది ఒకటి ఉండాలిగా."

తీరం కాపలావాళ్ళు ఎర్రా పసుపూ జెండాలు ఇంకా పాతలేదు. ఆ జెండాల మధ్యే ఈదాలని చంటిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆల్టోనాలో జెండాలు చూసే అలవాటు ఎవరికుంది? నీళ్ళు చూసి దిగుతాం. చదునుగా ఉంటే దిగుతాం, గాలి లేచి నురగ కడితే ఇంటికి పోతాం. గారెత్ జీవితమంతా అలాగే దిగాడు. నేనూ వాళ్ళింట్లో ఉన్న ఈ రెండేళ్ళూ అలాగే దిగాను.

తీరం పొడుగునా అలలు తెల్లగా విరుగుతున్నాయి. రాళ్ళకి దగ్గరగా ఒక్క చోట మాత్రం విరగడం లేదు. ఒక వెడల్పాటి దారిలాగా, ఇసుక నుంచి లోపలికంటా నల్లగా, నున్నగా ఉన్నాయి నీళ్ళు.

"అదిగో" అన్నాడు గారెత్. "ఇంత గోలలోనూ మన బే లాంటి చోటు ఒకటుంది."

తన నీలం చారల తువ్వాలు కొలను రెయిలింగు చివర వేసి ఈడీ చెయ్యి పట్టుకున్నాడు. నాలుగడుగులు వేసిందో లేదో, ఈడీ మడమలు ఇసుకలో దిగేసి ఆగిపోయింది.

"అక్కడ వద్దు నాన్నా."

"ఏం? చల్లగా ఉందా?"

"ఆయన ఉన్నాడు. ఊపిరి బిగబట్టుకుని."

గారెత్ ముఖంలో కోపం రాలేదు. నాకు బాగా గుర్తు, ముందు ఆశ కనపడింది. "ఇక్కడికి కూడా వచ్చాడా? మరి ఆ మాట మీ అమ్మతో చెప్పు" అన్నాడు. అంతలోనే ఆ ఆశకి తనే సిగ్గుపడ్డట్టు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "చూడమ్మా. నేనెళ్ళి అక్కడ నిలబడతాను. ఎవరూ లేరని చూపిస్తాను. అప్పుడు నీకు ఇక్కడా భయముండదు, ఇంట్లోనూ ఉండదు. సరేనా?"

వెళ్ళి నిలబడ్డాడు. నడుము లోతు. మా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

ఈడీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ చెయ్యి ఊపాను. అతను నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూనే చిన్నవాడవుతున్నాడు. ఈత కొట్టడం లేదు, వెనక్కి నడవడం లేదు. మా వైపే ముఖం పెట్టుకుని, బండి వెనక కూర్చున్న మనిషి దూరమైనట్టు దూరమవుతున్నాడు. తర్వాత నవ్వు ఆగింది. నోరు తెరిచాడు. పిలుస్తున్నాడని తెలుస్తోంది. మాట మాత్రం మా దాకా రాలేదు.

"పిన్నీ" అంది ఈడీ, చాలా మామూలుగా, "నాన్న పక్కనెవరు?"

నాకు ఒక తలే కనపడింది. నీళ్ళు ఉబ్బి దిగాక రెండు కనపడ్డాయి. మళ్ళీ ఒకటే.

నేను ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషిని కాను. ఆ పొద్దున పిల్లని చంకనేసుకుని కొలను దాకా పరిగెత్తి అరిచిన అరుపు నా గొంతు లోంచే వచ్చిందని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. నోలీన్ నీళ్ళలోంచి నిలువునా లేచింది. నేను చూపించిన నల్లటి దారి చూసి ఒకటే అంది: "అయ్యో తండ్రీ, రిప్పులో దిగాడా!"

ఆ మాటకి అర్థం తర్వాత తెలిసింది. ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ ఎక్కడో ఒక చోట వెనక్కి పోవాలి. పోయే దారిలో అల విరగదు. అందుకే అది ప్రశాంతంగా కనపడుతుంది. సిడ్నీ పిల్లలు నడక రాగానే నేర్చుకునే సంగతి అది.

రాళ్ళ మీద సర్ఫ్‌బోర్డుతో నిలబడ్డ ఒకతను నోలీన్ కేక విని అదే దారిలోకి దూకాడు. తర్వాత చాలాసేపు ఏమీ కనపడలేదు. కొరీన్ తడి బట్టలతో గోడ మీద నిలబడి ఉంది, కదలకుండా. చివరికి బోర్డు రాతి కొలను అవతలి వైపు నుంచి వచ్చింది. దాని మీద బోర్లా గారెత్. ముసలివాళ్ళందరూ కలిసి గోడ మీదికి లాగారు. దగ్గాడు, కక్కాడు, బతికాడు.

సర్ఫ్‌బోర్డు అతను ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. అటూ ఇటూ చూస్తున్నాడు.

"రెండో ఆయన ఏడి?" అన్నాడు.

"రెండో ఆయన ఎవరు?" అంది నోలీన్.

"ఇతని వెనకే ఉన్నాడు. పొడుగాటి మనిషి. ముందు ఇతన్ని తీసుకెళ్ళమన్నట్టు పక్కకి తప్పుకున్నాడు."

 నోలీన్ రెయిలింగు దగ్గరికి వెళ్ళి తడుముకుంటూ నడిచింది. ఈ చివర నుంచి ఆ చివరకి. అందరూ తమ తమ తువ్వాళ్ళు తీసుకున్నారు. ఒక్కటే మిగిలింది, నీలం చారలది.

"ఇది ఇతనిదే. ఇంకెవరూ లేరు లోపల" అంది. కానీ "ఖాళీ" అని కేకెయ్యలేదు.

అంబులెన్సు వాళ్ళు వచ్చి గారెత్‌కి దుప్పటి చుట్టి తీసుకెళ్ళారు. ఆ హడావుడిలో ఆ తువ్వాలు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మధ్యాహ్నానికే ఆసుపత్రి నుంచి అతన్ని నోలీన్ ఇంటికి పంపించేశారు. వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను టీ తెచ్చి పెట్టాను. చేతిలోకి తీసుకున్నాడు గానీ తాగలేదు.

"చప్పుడు లేదు ట్యామ్" అన్నాడు. "రెండు వైపులా అలలు విరుగుతుంటే చూస్తున్నాను. చప్పుడు మాత్రం లేదు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చెవి పక్కనే ఒకళ్ళున్నారు."

"ఊపిరి వినపడిందా?"

"లేదు" అన్నాడు. "అదే."

కొరీన్ లోపలి నుంచి వచ్చేసరికి అతను టీ కప్పు కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఉద్యోగం ఒప్పుకో. పిల్ల ఇక్కడ నిద్రపోతోంది. ఇంకేం కావాలి నాకు? ట్రామ్ కాకపోతే బస్సు తోలుతా."

ఎన్నో రోజులుగా ఆమె ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక సంతోషం ఆమె ముఖంలోకి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం ఆల్టోనా ఇంటికొచ్చాం. ఆ రాత్రి కొరీన్ అలవాటుగా వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్తుంటే ఈడీ పక్క మీంచి అరిచింది: "వద్దమ్మా. చప్పుడుగా ఉంటే నిద్ర పట్టదు."

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఈడీ గోడ వైపు తిరిగి, గుమ్మానికి వీపు పెట్టి, పొద్దెక్కేదాకా పడుకుంది. లేచాక నా ఒళ్ళో కూర్చుని చెప్పింది:

"ఆయన ఇంట్లో లేడు పిన్నీ. నాన్నతో పాటు నీళ్ళల్లోకి దిగాడు. నాన్న ఒక్కడే బయటికొచ్చాడు. మనం మళ్ళీ అక్కడికెళ్ళకపోతే చాలు."

కొరీన్ అప్పటికే ఫోను చేతిలో పట్టుకుని సిడ్నీ ఆసుపత్రి నంబరు వెతుకుతోంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి ఈడీ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"నీకేమైనా మతిపోయిందా? ఆరేళ్ళ పిల్ల మాటకి నేను ఉద్యోగం వదులుకోవాలా?"

"నువ్వు వెళ్తానన్నది ఆ ఆరేళ్ళ పిల్ల కోసమే కదా" అన్నాను. "అది రాత్రి నిద్రపోయింది అక్కా. ఇక్కడ. మెషీన్ లేకుండా."

కొరీన్ ఫోను పక్కన పెట్టింది. ఈడీ గది దాకా వెళ్ళి గుమ్మంలో నిలబడింది. మంచం మీద నలిగిన దుప్పటి చూసింది. తర్వాత ఫోన్ చేసి, క్షమించమని, రాలేనని చెప్పింది.  పెట్టేశాక సింకు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ వారమంతా ఇల్లు తేలిగ్గా ఉంది. గారెత్ గిన్నె కూడా తీసేశాడు. బే ఒడ్డుకి నడిచి వెళ్ళి మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆడుకున్నాం. ఈడీ రోజూ నిద్రపోయింది.

శుక్రవారం నోలీన్ ఫోన్ చేసింది. కొరీన్ స్పీకరు పెట్టింది.

"మునిగినవాడు ఎలా ఉన్నాడు బంగారం? మళ్ళీ తొట్టిలో దిగాడా?"

"దిగాడు. మోకాళ్ళ దాకా."

"మంచిది. ఇదిగో, అతని తువ్వాలు మా రెయిలింగు మీదే ఉండిపోయింది. విచిత్రమేమిటంటే, రోజూ పిండి ఆరేస్తాను, సాయంత్రానికి ఎండిపోతుంది. పొద్దున్నే చూస్తే మళ్ళీ కారుతూ ఉంటుంది, ఎవరో ఒళ్ళు తుడుచుకున్నట్టు. అల ఎగిరి తడుపుతోందేమోలే. దాన్ని చూస్తూ మాకు కాఫీ దిగట్లేదు. అందుకని ఉతికి, మొన్ననే పోస్టులో పంపించేశాను. మా పద్ధతి తెలుసుగా. ఇంటికి చేర్చేదాకా వదలం."

 గారెత్ వంగి ఫోను దగ్గరగా అన్నాడు: "ఎందుకు పంపించారు? అక్కడే ఉండనివ్వాల్సింది."

"అదేమిటి బంగారం? మీ చిరునామా రాసి, మీ పేరే రాసి పంపాను. ఇవాళో రేపో వస్తుంది. ఇప్పుడు మా రెయిలింగు ఖాళీ" అంది నోలీన్, తేలిక పడ్డ గొంతుతో.

నేను వీధి తలుపు వైపు నడిచాను. ఈడీ అక్కడ నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. పోస్టు అతను ఎప్పుడు వచ్చి వెళ్ళాడో, గుమ్మంలో, ఇదివరకు గిన్నె ఉన్న చోట, గోధుమ రంగు కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. మేం తిరిగొచ్చాక ఒక్క చినుకు పడలేదు. పొట్లం కింద సిమెంటు నల్లగా తడిసి ఉంది. ఆ తడి గడప దాటి లోపలికి, హాలు చెక్కల మీద, ఈడీ గది వైపు కొంచెం కొంచెంగా సాగింది.

వీధిలో కుక్క మొరగడం ఆగిపోయింది. వెనక వంటింట్లో కొరీన్, గారెత్ మాటలు కూడా ఆగిపోయాయి.

ఈడీ నా వైపు తిరగలేదు.

"పిన్నీ" అంది, "మెషీన్ వేస్తావా?"